ముందు నేల మీద నేర్పండి: స్వారీ శిక్షణ కేంద్రాలకు ఒక బహిరంగ లేఖ

స్వారీ శిక్షణ కేంద్రాల నిర్వాహకులకు, శిక్షకులకు,

నమస్కారం.

ఒక్క విన్నపం కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజే గుర్రం ఎక్కించకండి. కొన్ని వారాల పాటు గుర్రం పక్కన నిలబెట్టండి. దాన్ని చూడడం, ఒళ్లు తోమడం, డెక్కలు శుభ్రం చేయడం, తాడు పట్టుకుని పక్కన నడిపించడం నేర్పండి. అది ఎప్పుడు హాయిగా ఉందో, ఎప్పుడు బాధలో ఉందో కనిపెట్టడం నేర్పండి. జీను ఆ తర్వాత.

ఈ మాట మీకే చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ చాలామందికి గుర్రం దగ్గరికి వెళ్లే దారి మీ గేటు ఒక్కటే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్, లండన్ లాంటి నగరాల్లో లక్షకు పైగా గుర్రాలు పనిచేసేవి. బళ్లు, ట్రాములు, సరుకులు అన్నీ అవే లాగేవి. ఎన్నడూ స్వారీ చేయని మనిషికి కూడా గుర్రం చెవులు వెనక్కి వాల్చిందంటే పక్కకు తప్పుకోవాలని తెలిసేది. రోజూ చూడడం వల్ల వచ్చిన తెలివి అది. ఇప్పుడు గుర్రం పోలీసుల దగ్గర, పశువుల మందలు కాసే చోట, యంత్రాలు వెళ్లలేని అడవుల్లో దుంగలు లాగే చోట, ఇంకా బళ్లు లాగే కొన్ని చోట్ల మాత్రమే పనిలో ఉంది. మిగతా అందరికీ అది ఒక హాబీ. మీ దగ్గరికి వచ్చే పిల్లాడికైనా, పెద్దవాళ్లకైనా ఆ పాత తెలివి ఇంటి నుంచి రాదు. మీరు ఇస్తేనే వస్తుంది.

కానీ మొదటి క్లాసు చాలా చోట్ల ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. హెల్మెట్ పెడతారు, రికాబులో కాలు పెట్టిస్తారు, పైకి ఎక్కిస్తారు. కదలాలంటే మడమలతో కొట్టు, ఆగాలంటే పగ్గాలు లాగు. నేను స్వారీ మొదలుపెట్టిన చోట గుర్రం పేరు అడిగితే నంబరు చెప్పారు. ఆ క్లాసంతా నా వీపు నిటారుగా ఉందా, చేతులు ఎక్కడున్నాయి అన్నదే చర్చ. నా కింద ఉన్న ప్రాణి గురించి ఒక్క మాట లేదు. అక్కడి శిక్షకులు చెడ్డవాళ్లేం కాదు, ఓపికగానే నేర్పారు. వాళ్లకు నేర్పినవాళ్లు కూడా జీను మీదే మొదలుపెట్టారు, అంతే.

కొట్టు, లాగు అనే ఆ రెండు మాటల దగ్గర కాసేపు ఆగుదాం. ఒంటి మీద ఈగ వాలితే ఆ ఒక్క చోట చర్మాన్ని అదిరించి దాన్ని లేపేయగల జంతువు గుర్రం. అంత సున్నితమైన డొక్కలో మడమతో పొడవాల్సిన అవసరం అసలు ఎందుకొచ్చింది? గుర్రం ఒత్తిడి వల్ల నేర్చుకోదు, ఒత్తిడి తీసేసిన క్షణంలో నేర్చుకుంటుంది. కాలు తాకగానే అడుగు వేసింది, వెంటనే కాలు వదులైంది. అలాగైతే, అడుగు వేయడం సరైన జవాబని దానికి అర్థమవుతుంది. అడుగు వేశాక కూడా మడమ తగులుతూనే ఉంటే ఏ జవాబు ఇచ్చినా ఒకటేనని అర్థమవుతుంది. రోజంతా ఒకరి తర్వాత ఒకరు కొత్తవాళ్లు పైన ఎగిరెగిరి పడుతూ, తెలియకుండానే తన్నుతూ, పడిపోతామన్న భయంతో పగ్గాలకు వేలాడుతుంటే ఆ గుర్రం చేయగలిగింది ఒక్కటే, పట్టించుకోవడం మానేయడం. దాన్ని మనం మొండిది అంటాం. తర్వాత బ్యాచ్ పిల్లలకు ఇంకా గట్టిగా కొట్టమని చెబుతాం.

కళ్లెం ఇనుము నోట్లో ఎక్కడ ఉంటుందో ఎంతమంది విద్యార్థులకు చూపించారు? ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ దవడ ఎముక మీద పలుచటి చిగురు తప్ప ఇంకేమీ ఉండదు. ఇనుము నాలుక మీద, ఆ చిగురు మీద ఆనుతుంది. పాత శిక్షకులు చేయించే మంచి అభ్యాసం ఒకటి ఉంది. ఒక విద్యార్థి కళ్లు మూసుకుని పగ్గాల ఒక చివర పట్టుకోవాలి, ఇంకొకరు రెండో చివర లాగాలి. వేలు కాస్త బిగించినా అవతలి చేతికి తెలిసిపోతుంది. గుర్రం లేకుండా, నేల మీద, పది నిమిషాల్లో అయిపోయే పాఠం ఇది. ఇది చేసిన మనిషి తర్వాత జీను ఎక్కినప్పుడు ఆ చేతులు వేరేగా ఉంటాయి.

ఇక చూడడం సంగతి. నేల మీద నేర్పాల్సిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే.

నేల మీద తిరిగే జంతువుల్లో అతి పెద్ద కళ్లున్న వాటిలో గుర్రం ఒకటి. ఆ కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల తన చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం మాత్రం కనిపించదు. కొత్తవాళ్లు ప్రేమగా చేయి చాచేది సరిగ్గా ఆ నుదుటి మీదికే. చెయ్యి ఉన్నట్టుండి మాయమైపోతుంది కాబట్టి గుర్రం తల ఎత్తేస్తుంది, మనిషేమో దానికి నేను నచ్చలేదనుకుంటాడు. దానికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదు, నీలం, పసుపు బాగా తెలుస్తాయి. గడ్డి మీద పెట్టిన నారింజ రంగు కర్ర మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దానికి మాత్రం గడ్డిలో కలిసిపోతుంది. దాని దగ్గర గుర్రం తటపటాయిస్తే అది పిరికితనం కాదు.

అలాగే ముఖం. 2015లో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్రం ముఖంలోని కండరాల కదలికలను ఒక్కొక్కటిగా నమోదు చేసి, 17 వేర్వేరు కదలికలను గుర్తించారు. కంటి పైభాగం పైకి లేవడం, ముక్కుపుటాలు విప్పారడం, గడ్డం పైకి లేవడం లాంటివి వాటిలోకే వస్తాయి. 2018లో పశువైద్యురాలు స్యూ డైసన్, ఆమె సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. స్వారీ చేస్తున్నప్పుడు గుర్రంలో కనిపించే 24 ప్రవర్తనల పట్టిక తయారుచేశారు. చెవులు చాలాసేపు వెనక్కి వాల్చి ఉంచడం, పదే పదే తోక విసరడం, నోరు తెరవడం, తల ఊపడం, కంటి చూపు శూన్యంగా మారడం లాంటివి. వాటిలో 8 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఆ గుర్రానికి ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువని వాళ్లు తేల్చారు. నొప్పి ఉన్న చోటికి మత్తు ఇచ్చి చూస్తే అవే గుర్రాల్లో ఆ ప్రవర్తనలు బాగా తగ్గాయి. అంటే అప్పటిదాకా పొగరు, బద్ధకం, నాటకం అని పేర్లు పెట్టిన వాటిలో చాలా భాగం కాలి నొప్పో, నడుము నొప్పో.

ఈ పట్టిక మీ గుర్రపుశాల గోడ మీద అతికించండి. ఒక బ్యాచ్ విద్యార్థులు రింగు బయట కూర్చుని, లోపల తిరుగుతున్న గుర్రాన్ని చూస్తూ కనిపించినవి కాగితం మీద రాసుకోనివ్వండి. పైన ఉన్నప్పుడు మనకు మెడ, చెవులు తప్ప ఏమీ కనిపించవు. గుర్రం ముఖం కనిపించేది కింద ఉన్నవాళ్లకే.

మనం దాన్ని చూడకపోయినా అది మనల్ని చూస్తూనే ఉంటుంది. బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే మాస్టారి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, తీసివేతలు అడిగితే డెక్కతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. ఇందులో మోసం ఉందా అని 1904లో ఒక కమిటీ వేసి పరీక్షిస్తే మోసమేమీ దొరకలేదు. తర్వాత ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఓపికగా పరీక్షించి 1907లో అసలు విషయం బయటపెట్టాడు. ప్రశ్న అడిగిన మనిషికే జవాబు తెలియనప్పుడు హాన్స్‌కూ తెలిసేది కాదు. తట్టే లెక్క సరైన అంకెకు చేరగానే ఎదుటి మనిషి తల, ఒళ్లు వాళ్లకే తెలియకుండా రవ్వంత కదిలేవి, హాన్స్ వాటిని పట్టుకుని ఆగిపోయేది. చాలామంది ఈ కథను గుర్రానికి లెక్కలు రావని చెప్పడానికి వాడతారు. నాకైతే ఇది హాన్స్ గొప్పదనం చెప్పే కథ. పెద్దమనుషుల కమిటీకి కనిపించనిది అది చూసింది. అలాంటి జంతువు మీద టెన్షన్‌తో బిగుసుకుపోయిన మనిషిని మొదటి రోజే కూర్చోబెడితే ఆ టెన్షన్ అంతా దానికి చేరుతుంది. నేల మీద, ఊపిరి మామూలుగా ఆడుతున్నప్పుడు పరిచయమైతే ఇద్దరికీ మేలు.

చూసి నేర్చుకోవడం అనే మాట వచ్చింది కాబట్టి బొమ్మలు వేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లోని షోవే గుహ గోడల మీద గుర్రాల బొమ్మలున్నాయి. వాటి వయసు 30 వేల ఏళ్లకు పైనే. మనం ఇప్పుడు పెంచుకుంటున్న గుర్రాల వంశం సుమారు 4,200 ఏళ్ల కిందట వోల్గా, డాన్ నదుల ప్రాంతంలోని గడ్డిమైదానాల నుంచి వ్యాపించిందని 2021లో వెలువడిన జన్యు పరిశోధన చెబుతోంది. అంటే గుర్రాన్ని మచ్చిక చేసుకోక ముందు వందల తరాల మనుషులు దాన్ని వేటాడుతూనే శ్రద్ధగా చూశారు, చూసింది గీశారు. ఆ గోడ మీది గుర్రాల మూతులు, జూలు చూస్తే ఎంత దగ్గరగా గమనించారో తెలుస్తుంది.

జార్జ్ స్టబ్స్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1750లలో లింకన్‌షైర్‌లోని ఒక పల్లె ఇంట్లో దాదాపు 18 నెలలు ఉండి, చనిపోయిన గుర్రాల ఒళ్లు పొర తర్వాత పొర విప్పి కండరాలు, ఎముకలు గీసుకున్నాడు. ఫ్రెంచ్ చిత్రకారిణి రోజా బోనర్ గుర్రాల సంత బొమ్మ కోసం ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు పారిస్ సంతకు వెళ్లి గీసుకుంది. ఆ సంతలో ఆడవాళ్లను వింతగా చూస్తారని మగవాళ్ల బట్టలు వేసుకుని వెళ్లేది, ఆ రోజుల్లో దానికి పోలీసుల అనుమతి కాగితం కావాలి. ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ల కాలంలో కూడా ఒకటి అందరి కంటికీ జారిపోయింది. దౌడు తీసే గుర్రాన్ని గీసేటప్పుడు ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాచి గాల్లో తేలుతున్నట్టు వేసేవారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో 12 కెమెరాలు వరుసగా పెట్టి, గుర్రం దాటుతుంటే ఒకదాని తర్వాత ఒకటి ఫొటో తీసేలా చేశాడు. నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం నిజమే, కానీ అప్పుడు అవి చాచి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి.

అందుకే మీ టైమ్ టేబుల్‌లో ఒక గంట బొమ్మలకు ఇవ్వండి. బొమ్మ బాగా రావాల్సిన పని లేదు. పెన్సిల్ పట్టుకుని గుర్రం వెనక కాలు గీయడానికి కూర్చున్న మనిషికి అది ఏ కాలి మీద బరువు వేసిందో, ఏ కాలికి విశ్రాంతి ఇచ్చిందో తప్పకుండా కనిపిస్తుంది. వెనక కాళ్లు మార్చి మార్చి విశ్రాంతి ఇవ్వడం మామూలే. ముందు కాలు ఒకటి అదే పనిగా ముందుకు పెట్టి బరువు తప్పిస్తుంటే శిక్షకుడిని పిలవాలి. కుంటడం మొదలవకముందే పట్టుకోవడమంటే ఇదే.

పరిచయం లేని స్వారీ ఎక్కడిదాకా పోతుందో 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. ఆధునిక పెంటాథ్లాన్ అనే ఐదు పోటీల ఆటలో గుర్రాన్ని చీటీ తీసి ఇచ్చేవారు, దానితో పరిచయానికి 20 నిమిషాలు. ముందంజలో ఉన్న క్రీడాకారిణికి వచ్చిన గుర్రం అంతకుముందు రౌండ్‌లోనే దూకనని మొరాయించింది. ఆమె ఏడుస్తూ కొరడా వాడింది, కోచ్ కంచె అవతలి నుంచి గుర్రాన్ని పిడికిలితో కొట్టింది. ఆ ఆటలో తరతరాలుగా ఉన్న గుర్రపు స్వారీనే చివరికి తీసేయాలని నిర్ణయించారు, 2024 పారిస్ ఒలింపిక్స్ దానికి చివరివి. ఆ క్రీడాకారిణిని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. అలా కలిపిన పద్ధతినే నేను తప్పుపడుతున్నాను. మీ కేంద్రంలో ఆదివారం ఉదయం ఎవరికి ఏ గుర్రం ఖాళీగా ఉంటే అది ఇచ్చి పంపడం కూడా దాదాపు అదే పద్ధతి.

నేల మీది పాఠాల్లో గుర్రం కడుపు గురించి కూడా ఉండాలి. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, అందులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. అందుకే అది రోజులో ఎక్కువ గంటలు కొంచెం కొంచెంగా మేస్తూ ఉండాలి. క్లాసుల మధ్య ఖాళీ కడుపుతో గంటల తరబడి కట్టేస్తే పొట్టలో పుండ్లు పడతాయి, అప్పుడు జీను పట్టీ బిగించగానే కొరకబోతుంది. దానికి వాంతి చేసుకునే వీలు లేదు, కాబట్టి కోలిక్ అనే కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. పక్కకు తిరిగి డొక్క చూసుకోవడం, నేలను గీరడం, పదే పదే పడుకుని లేవడం ఆ నొప్పి గుర్తులని ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలని, జీనుతో సహా పైన వేసే బరువు దాని ఒంటి బరువులో ఐదో వంతు దాటకపోతే మంచిదని కూడా చెప్పండి. ఈ చివరి లెక్క బోర్డు మీద రాసి పెడితే బరువు ఎక్కువున్న మనిషిని పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు మీకూ ఇబ్బంది ఉండదు.

ఇవన్నీ ఎవరు నేర్పాలి? మీ దగ్గరే ఉన్నారు, గుర్రాలను రోజూ చూసుకునే మీ సాయీసులు. తెల్లవారకముందే శాలలోకి వెళ్లి, రాత్రి వేసిన గడ్డి ఎంత మిగిలిందో చూసి ఆ గుర్రం ఎలా ఉందో చెప్పగలిగేది వాళ్లే. ఏ గుర్రానికి ఎడమ వైపు తాకితే ఇష్టముండదో, ఏది ఏ గుర్రం పక్కన ఉంటే తిండి మానేస్తుందో వాళ్లకు తెలుసు. విద్యార్థులు మాత్రం వాళ్లను పగ్గాలు అందించే మనుషులుగానే చూస్తారు, ఎందుకంటే కేంద్రం వాళ్లను అలాగే చూపిస్తుంది. మన కథల్లో గుర్రాల సంగతి అందరికంటే బాగా తెలిసిన నలుడు ఋతుపర్ణుడి కొలువులో బాహుకుడనే పేరుతో గుర్రపుశాలలోనే ఉన్నాడు. దూర ప్రయాణానికి అతను బక్క గుర్రాలను ఎంచుకుంటే రాజు అనుమానపడ్డాడు. వాటిని ఎంచినవాడి చూపే సరైనదని దారిలో తేలింది. మీ సాయీసులకు నేల మీది పాఠాలు అప్పగించండి, శిక్షకుల జీతం ఇవ్వండి, వాళ్ల పేర్లు బోర్డు మీద శిక్షకుల పేర్ల పక్కనే రాయండి. గుర్రం ఇవాళ పనికి వద్దు అని సాయీసు అంటే ఎంత పెద్ద గ్రూపు బుకింగ్ ఉన్నా ఆ మాటే చెల్లాలి.

ఇలా చేస్తే ఇప్పుడు మీ గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయే వాళ్లు కూడా లోపలికి వస్తారు. ఎక్కాలంటే భయపడేవాళ్లు, మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, ఊరికే గుర్రం పక్కన కాసేపు ఉంటే చాలనుకునే వాళ్లు. వీళ్లకు స్వారీ అవసరం లేదు. వాళ్లలో కొందరు ఎప్పటికైనా ఎక్కుతారేమో కూడా. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు పనిచేయకుండా పోయాయి. గుర్రం ఎక్కడానికి, దిగడానికి సాయం కావాల్సిన ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రాన్ని చిన్న చిన్న సైగలతో నడిపించే పోటీలో, వెండి పతకం గెలిచింది. కాళ్ల బలం లేని మనిషి మాటను ఆమె గుర్రం ఒంటి బరువులోని మార్పుల నుంచి విన్నది. మడమతో గట్టిగా కొట్టమని అరిచే ప్రతి శిక్షకుడికీ ఈమె సంగతి తెలియాలని నా కోరిక.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. డబ్బు కట్టినవాళ్లు మొదటి రోజే ఎక్కాలంటారు, పిల్లలు విసుక్కుంటారు, పక్క కేంద్రం వెంటనే ఎక్కిస్తుంది కాబట్టి అటు వెళ్లిపోతారు. పిల్లల విషయంలో మీ భయం అక్కర్లేదు. అంత పెద్ద జంతువు తన డెక్కను వాళ్ల చిన్న చేతిలో పెడితే ఏ పిల్లాడూ విసుక్కోడు. తొందరపడే పెద్దవాళ్లతోనే చిక్కు. వాళ్లకు చేరేటప్పుడే కాగితం మీద రాసి చూపించండి: మొదటి నెలలో ఏం నేర్చుకుంటారు, ఎప్పుడు ఎక్కుతారు, ఎందుకు ఆలస్యం. కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి. నేల మీది క్లాసులో ఒక్క గుర్రం చుట్టూ నలుగురు నేర్చుకోవచ్చు, దాని వీపుకు ఆ గంటంతా విశ్రాంతి. పడిపోయే ప్రమాదాలు తగ్గుతాయి, మొండిదని ముద్ర పడి మూలన కట్టేసిన గుర్రాలు మళ్లీ పనికొస్తాయి.

ఆ క్లాసులను ఉచితంగానో సగం ఫీజుకో ఇవ్వకండి. స్వారీ క్లాసుకు ఎంత తీసుకుంటారో అంతే తీసుకోండి. తక్కువ ధర పెడితే అది అసలు పాఠం కాదని మీరే చెప్పినట్టవుతుంది. కట్టడానికి నాలాంటి వాళ్లు సిద్ధంగానే ఉన్నాం. వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
స్వారీ నేర్చుకుంటున్న ఒక విద్యార్థి